లేని

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్ ఎదురుగా
నాది నాలుగడుగుల డీటీపీ కొట్టు.
అర్జీలు, పెళ్లి కార్డులు, దినాల కార్డులు.
పేజీకి ముప్పై రూపాయలు.

ఢిల్లీ లారీలు వెళ్లిపోయాక
పెంచలమ్మ వచ్చింది.
పచ్చికాయ, దోరకాయ, మచ్చకాయ
చూడకుండా వేళ్లతోనే ఏరే మనిషి.
వేళ్ల పగుళ్లలో నిమ్మపులుపు,
సంచిలో ప్లాస్టిక్ కవరు,
కవర్లో మడతలు అరిగిన రంగుల కాయితం.
"కంపెనీ మూసేశారంట అబ్బయా.
ఇందులో ఏముండాదో చదివి చెప్పు."

డిబెంచరు అని ఉందక్కా.
"అంటే?"
అంటే... కుర్చీలో సర్దుకున్నాను.
తోటలో నువ్వు వాటా కొనలేదు,
తోట ఆసామికి అప్పిచ్చావు.
కాయ అర్ధరూపాయి పలికినా, ఆరు పలికినా
నీకొచ్చేది ఆ వడ్డీయే.
వాటా కొన్నవాడు షేర్‌హోల్డరు,
విరగకాస్తే వాడి పంట, ఎండితే వాడి ఖర్మ.

"అయితే ముందు నాకే గదా ఇయ్యాల్సింది?
అప్పు తీర్చి, మిగిలితే గదా వాటాదారు తినేది."
లాయర్లు రెండు పేజీలు నడిపే సంగతి
గంప దించినంత సేపట్లో దించేసింది.

లిక్విడిటీ అన్నాను.
నవ్వింది.
"పొద్దున కోసిన కాయ మాపటికి తూకం తగ్గుద్ది.
అమ్ముడుపొయ్యేదాకా కాయ కాయే,
డబ్బు కాదు."

ఇన్‌సైడర్ ట్రేడింగ్‌కి ఉపమానం వెతుక్కుంటున్నాను.
ఆమె ఆగలా.
"ఢిల్లీలో రేటు పడిందని
మండీ గుమాస్తా మస్తానుకి పదింటికే ఫోనొస్తాది.
మాకు తెలిసేది కాయ అమ్ముకున్నాక.
దానికీ చట్టముండాదా?"
ఉంది. షేర్లకి.
"నిమ్మకాయలకి?"
కీబోర్డు మీద దుమ్ము ఊదాను.

కాయితం కింది సగంలో ఒక గడి:
హామీ డిబెంచర్లు.
ఆ అక్షరాలు నేనెరుగుదును.
ఆ పసుపు అంచు, మూలనున్న పూలకుండీ
నేను పెట్టినవే.

రెండేళ్ల కిందట ఒక ఏజెంటు
లావుపాటి ఇంగ్లీషు ప్రాస్పెక్టస్ తెచ్చి
ఒక్క పేజీలోకి కుదించమన్నాడు.
అన్‌సెక్యూర్డ్ దగ్గర
హామీ లేని, అనే కొట్టాను మొదట.
వరుస పొంగి అంచు దాటింది.
"ఆ లేని తీసెయ్ అన్నా, సరిపోద్ది" అన్నాడు,
టీ ఊదుకుంటూ.
తీసేశాను.
రెండక్షరాలు.
యాభై ఇచ్చి చిల్లర ఉంచుకోమన్నాడు.

"హామీ అని మా కోడలు చదివి చెబితేనే కట్టినా.
నలభై వేలు."
బస్తా ఏరితే పది రూపాయలు.
నాలుగు వేల బస్తాలు.
లెక్క నేను పైకి చెప్పలేదు,
ఆమెకి చెప్పాల్సిన పనీ లేదు.

అక్కా, ఇక్కడ ఒక మాట పోయింది.
తీసింది నేనే.

ఫ్యాను తిరుగుతోంది.
బయట ఎవరో ఖాళీ గోతాలు దులుపుతున్నారు.
ఆమె నన్ను తిట్టలేదు.
"మంచికాయల్లో మచ్చకాయ కలిపేవోడికి
మా మార్కెట్లో ఒక పేరుండాది" అంది.
ఆ పేరేంటో చెప్పలేదు.

తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది.
"సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తన్నాం,
డెబ్బై మందిమి.
ఇప్పుడు నువ్వు నాకు చెప్పిందంతా రాయి.
ఎవురు తీశారో అదీ రాయి."

రాశాను.
నా పేరు దగ్గర రెండుసార్లు తప్పు పడింది,
రెండుసార్లూ దిద్దాను.

ప్రింటు వెచ్చగా ఉండగానే అందుకుని
ముప్పై రూపాయలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది.
వద్దన్నా వినలా.
"ఆ మాట యాడుండాది?"
చూపించాను.
చదవడం రాని బొటనవేలితో
లేని మీద నొక్కి చూసింది,
కాయ మెత్తబడిందేమో చూసినట్టు.